కెప్టెన్ నడిచి వచ్చాడు

సోమవారం సాధనలో హాల్వర్ మూడోసారి కూడా బంతిని తన్నే తాపుకి అడ్డుపడేసరికి కెప్టెన్ అమోస్‌కి ఒళ్ళు మండిపోయింది.

"బంతి కదలకముందే గీత దాటేస్తున్నావు నువ్వు!"

"లేదు కెప్టెన్. కదిలాకే దూకాను," అన్నాడు హాల్వర్. ముక్కు మీద బురద, పెదవి మీద నెత్తురు. గొంతులో మాత్రం కోపం లేదు.

"అంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా నీకు? నెల కిందట లేదే!"

హాల్వర్ వెనక్కి తిరిగాడు. వెళ్ళి మళ్ళీ తన చోట వంగాడు.

బయటివాళ్ళు తొంగి చూడకుండా మైదానం చుట్టూ గుడ్డ తెరలు కట్టారు. గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ, ఆ రోజే కార్వర్ కాలేజీతో ఫుట్‌బాల్ ఆట. మా విల్మాంట్ కాలేజీ ఆ ఏడు సెప్టెంబరు నుంచి ఏడు ఆటలు ఆడి ఆరు గెలిచింది. కానీ ఆ ఆరూ ఒక ఎత్తు, కార్వర్ ఒక్కటీ ఒక ఎత్తు. కార్వర్ చేతిలో ఓడితే మా ఊళ్ళో పాలవాడు కూడా ఏడాది పొడుగునా దెప్పుతాడు.

ఆ వారమంతా రెండో జట్టు కుర్రాళ్ళ పని కార్వర్‌లా ఆడటం. కార్వర్ ఎత్తులన్నీ నేర్చుకుని, రోజూ రెండు గంటలసేపు మొదటి జట్టు చేత కుమ్మించుకోవాలి. అసలు ఆట రోజున గుర్రపు దుప్పట్లు కప్పుకుని బల్ల మీద కూర్చోవాలి. హాల్వర్ అందులో సెంటరు. మూడు వారాల కిందటిదాకా మొదటి జట్టులో అమోస్ ఎడమ భుజం పక్కనే ఆడినవాడు. మిల్‌బరీ ఆటలో మా తాపులు రెండు అతని వైపు నుంచే దెబ్బతిన్నాయి. ఏడింటిలో ఓడింది అదొక్కటే. ఆ సాయంత్రమే అమోస్ వెళ్ళి, "హాల్వర్ ఆపలేకపోతున్నాడండీ, బర్ట్‌ని పెడదాం," అని కోచ్ ప్రెంటిస్ గారితో చెప్పాడు. కోచ్ సరేనన్నాడు.

తాపు సంగతి కొంచెం చెప్పాలి. మూడు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి సాగకపోతే బంతి అవతలివాళ్ళ పాలవుతుంది. అందుకని మూడోసారి ఆశ లేకపోతే దాన్ని కాలితో తన్ని వీలైనంత దూరం పంపేస్తారు. సెంటరు బంతి మీద వంగి, తన కాళ్ళ సందులోంచి పన్నెండు గజాల వెనక నిలబడ్డవాడికి విసరాలి. అతను అందుకుని తన్నాలి. ఈలోగా శత్రువు వచ్చి మీద పడకూడదు. అమోస్ నాలుగేళ్ళుగా ఆ విసిరే పని చేస్తున్నాడు; మామూలప్పుడైతే బంతిని తన వెనకే నిలబడ్డ నెడ్‌కి అందిస్తే చాలు. మన సెంటరు విసిరాడంటే కళ్ళు మూసుకుని పట్టుకోవచ్చు అనేవాళ్ళు ఊళ్ళో.

సాయంత్రం భోజనానికి జట్టంతా హాస్కెల్ అమ్మగారి పూటకూళ్ళ ఇంట్లో పొడుగాటి బల్ల దగ్గర కూర్చుంది. ఆటల కాలంలో మొదటి జట్టుకి వేరే బల్ల, వేరే తిండి. సగం కాల్చిన గొడ్డుమాంసం, పాచి రొట్టె. తీపి ముట్టుకోకూడదు, కాఫీ తాగకూడదు. పళ్ళేలు మోసుకొచ్చేది హాల్వర్. ఇంట్లో పని చేసినందుకు అతనికి అక్కడే భోజనం, అదీ వంటింట్లో. మొదటి జట్టులో ఉన్న నాళ్ళు ఆ బల్ల దగ్గరే నాలుగో కుర్చీలో కూర్చుని తినేవాడు, తిన్నాక లేచి పళ్ళేలు తీసేవాడు. ఇప్పుడు కూర్చోవడం పోయింది, తియ్యడం మిగిలింది.

అమోస్ ముందు పళ్ళెం పెడుతున్నప్పుడు హాల్వర్ మణికట్టు కనిపించింది. వాచి, నల్లగా కమిలిపోయి ఉంది. మధ్యాహ్నం అమోస్ బూటు పడిన చోటు. ఇన్నాళ్ళూ పళ్ళెమే కనిపించింది గానీ దాన్ని పట్టుకొచ్చిన చెయ్యి కనిపించలేదని అమోస్‌కి తట్టింది. 

అందరూ లేచాక వంటింటి తలుపు తోశాడు.

"కెప్టెన్లకి వంటింట్లో ఏం పని?" అంది హాస్కెల్ అమ్మగారు. "తోమడానికైతే రా. లేదంటే తలుపు వేసి దయచెయ్యి, చలి కొడుతోంది."

అమోస్ తువ్వాలు తీసుకుని హాల్వర్ పక్కన నిలబడ్డాడు. నాలుగు పళ్ళేలు తుడిచాడు.

"ఎలా కనిపెడుతున్నావు, తాపు ఎప్పుడొస్తుందో?"

"చెబితే కోప్పడతారు."

"కోపం ఎప్పుడో వచ్చేసింది. చెప్పు."

హాల్వర్ చేతులు నీళ్ళలోనే ఉంచి, కిటికీలోకి చూస్తూ చెప్పాడు. "బంతి నెడ్‌కి అందించేటప్పుడు మీరు చెయ్యి తుడుచుకోరు. దూరంగా తన్నేవాడికి విసరాల్సి వస్తే మాత్రం కుడి చెయ్యి తొడకి రాసుకుంటారు. ఒక్కసారే. రాసుకున్నారంటే తాపన్నమాట. ఇక నేను వేరే ఏమీ చూడక్కర్లేదు. బంతి కదలగానే దూకేస్తాను."

"నేనా? నేను తుడుచుకుంటానా?"

"ప్రతిసారీ."

అమోస్ కుడి చెయ్యి తువ్వాల్లోంచి తీసి చూసుకున్నాడు. అది అతని చెయ్యే. కానీ తనకి తెలియకుండా నాలుగేళ్ళుగా తన గుట్టు పక్కవాళ్ళకి చెప్పేస్తోందంటే నమ్మబుద్ధి కాలేదు. తర్వాత ఇంకో సంగతి మెల్లగా దిగింది లోపలికి. దిగేటప్పుడు నొప్పి పెట్టింది.

"అయితే మిల్‌బరీ వాళ్ళు..."

"వాళ్ళ మనిషి మీ చెయ్యే చూస్తున్నాడనుకుంటా. అప్పుడు నాకూ తెలీదు. మీ పక్కన ఉన్నవాడికి కనబడదు కదా. ఎదురుగా నిలబడ్డాకే కనబడింది."

"మూడు వారాలైంది. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే ఏమనేవారు? చోటు పోయిందని ఏడుస్తున్నాడు, నెపం కెప్టెన్ మీదికి తోస్తున్నాడు అనేవారు." హాల్వర్ మొదటిసారి ఇటు తిరిగాడు. "ఇవాళ కావాలనే మూడూ ఆపాను. మీరే వచ్చి అడుగుతారని. గురువారం వచ్చేది కార్వర్ వాళ్ళు. వాళ్ళకీ కళ్ళున్నాయి."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ప్రతిసారీ తుడుచుకోండి. నెడ్‌కి ఇచ్చేటప్పుడు కూడా. అప్పుడు ఏది ఏదో ఎవరికీ తెలీదు."

"అది సరే..." అన్నాడు అమోస్. నిన్ను అన్యాయంగా తీసేశాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రెండు పళ్ళేలు మళ్ళీ తుడిచాడు, తుడిచినవే. ఆ మాట మాత్రం బయటికి రాలేదు.

మంగళవారం ప్రతిసారీ తుడుచుకున్నాడు. హాల్వర్ ఒక్క తాపుని కూడా ఆపలేకపోయాడు. లేచి నిలబడినప్పుడల్లా తల ఊపాడు, బాగుందన్నట్టు. అమోస్ గాల్లో తేలిపోయాడు. ఇంత చిన్న సంగతికా ఇంత బెంగ పెట్టుకున్నాను అనుకున్నాడు. బుధవారం కోచ్ కొత్త ఎత్తులు రెండు నేర్పాడు. అంకెలు, ఎవరు ఎటు తిరగాలి, ఎవరు ఎవర్ని ఆపాలి, అన్నీ బుర్రలో పెట్టుకునేసరికి చెయ్యి మళ్ళీ దాని దారి అది చూసుకుంది. హాల్వర్ రెండు ఆపాడు. ఈసారి తల ఊపలేదు.

ఆ సాయంత్రం అమోస్ కోచ్ బస దాకా వెళ్ళాడు. ప్రెంటిస్ గారు వసారాలో కూర్చుని కాగితాల మీద గీతలు గీస్తున్నాడు. తూర్పు రాష్ట్రాల నుంచి మూడు నెలల కోసం వచ్చే మనిషి. మాట తక్కువ.

"ఏం బాబూ?"

మెట్ల మీద నిలబడ్డ అమోస్ నోరు తెరిచాడు. మిల్‌బరీలో తప్పు నాదండీ. హాల్వర్‌ది కాదండీ. రెండు మాటలే.

"నా బూట్ల కింద తోలు ముక్కలు అరిగిపోయాయండీ. కొత్తవి కొట్టించాలి."

"అది నాకెందుకు చెబుతావు, చెప్పులు కుట్టేవాడికి చెప్పు," అని కోచ్ మళ్ళీ కాగితం మీదికి వంగాడు. అమోస్ తిరిగి వస్తూ దారి పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు.

గురువారం మంచు కరిగి మైదానం పాయసంలా తయారైంది. కార్వర్ నుంచి ప్రత్యేక రైలు వేసుకుని జనం దిగారు. మావాళ్ళు బండ్ల మీద, కంచె మీద, ఒకరి భుజాల మీద ఒకరు. ఆటగాళ్ళు సెప్టెంబరు నుంచి జుట్టు కత్తిరించుకోలేదు, తలకి దెబ్బ తగలకుండా అదే రక్ష. ఇరవై రెండు సింహాలు బురదలోకి దిగినట్టుంది.

మొదటి సగంలో నెడ్ ఎడమ కొస నుంచి చుట్టి పరుగెత్తి వాళ్ళ గోలు గీత దాటాడు. అయిదు పాయింట్లు. ఊరు గొంతు చించుకుంది. అమోస్ జ్ఞాపకం పెట్టుకుని మరీ ప్రతిసారీ తుడుచుకుంటున్నాడు. కానీ కార్వర్ సెంటరు లాథ్రప్ వచ్చి అతని మెడ మీద ఒక గుద్దు గుద్దాక, ఆ మంటలో, ఒక్కసారి మర్చిపోయాడు. తర్వాత ఇంకోసారి. మూడోది తాపు. చెయ్యి తొడ మీదికి వెళ్ళింది, లాథ్రప్ కొండలా లేచాడు, తన్నినవాడి కాలికీ లాథ్రప్ ఛాతీకీ మధ్య బంతి టప్పున పేలినట్టు చప్పుడైంది. బంతి వాళ్ళది. వాళ్ళు దాన్ని గోలుకర్రల మీంచి తన్నారు. నాలుగు పాయింట్లు. అయిదు, నాలుగు.

పోతూ పోతూ లాథ్రప్ నవ్వాడు. "తుడుచుకో కెప్టెన్, శుభ్రంగా తుడుచుకో! మిల్‌బరీలో మావాడు చుట్టం చూపుకి వెళ్ళాడులే."

అంటే తెలిసే వచ్చారు. రెండో సగంలో అమోస్ చెయ్యి కదలనివ్వకూడదని పళ్ళు బిగించాడు. కదలనివ్వలేదు. అయితే నాలుగేళ్ళ అలవాటు తప్పిన చెయ్యి బంతిని సూటిగా పంపలేదు. అది తన్నేవాడి తల మీంచి వెళ్ళిపోయి మా గోలు దగ్గర బురదలో పడింది. నెడ్ వెనక్కి పరుగెత్తి దాని మీద బోర్లా పడ్డాడు కాబట్టి సరిపోయింది. పడేలోగా కార్వర్ మనిషి చెయ్యి దానికి తగిలింది. అందువల్ల మూడు ప్రయత్నాల లెక్క మళ్ళీ మొదలైంది, బంతి మాకే దక్కింది. మా గోలుకి ఎనిమిది గజాల దూరం. రెండు ప్రయత్నాలు చేశారు. రెండూ వాళ్ళ గోడకి తగిలి ఆగిపోయాయి. మూడోది తాపే. వేరే దారి లేదు. ఇంకా అయిదు నిమిషాలుంది. ఇది ఆగిందంటే ఆట పోయినట్టే.

అమోస్ బంతి దగ్గర వంగాడు. తుడుచుకుంటే లాథ్రప్‌కి తెలుస్తుంది. తుడుచుకోకపోతే ఎటు పోతుందో తనకే తెలీదు. లేచి నిలబడ్డాడు.

"ఆట ఆపండి," అన్నాడు అంపైర్‌తో.

నెడ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంట్రా? దెబ్బ తగిలిందా?"

"నేను విసరలేనురా. హాల్వర్ రావాలి."

"మతి పోయిందా? వెళ్ళావంటే మళ్ళీ రానివ్వరు!"

అది నిజం. ఆ రోజుల్లో ఆట మధ్యలో బయటికి వెళ్ళినవాడు మళ్ళీ లోపలికి రావడానికి లేదు. అందుకే ఎవరూ వెళ్ళరు. పక్కటెముక విరిగినా నిలబడతారు, నిలబడలేకపోతే మోసుకుపోతారు. మోసుకుపోయినవాడికి చప్పట్లు. తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళినవాడికి పిరికివాడని పేరు, అది ముసలాడయ్యేదాకా వదలదు. కెప్టెన్‌ని బయటికి పంపే అధికారం కోచ్‌కి కూడా లేదు. గీత అవతల నుంచి ఒక్క మాట అరవడానికైనా లేదు, అరిస్తే జట్టుకి శిక్ష. ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో అమోసే చెప్పాలి. అది అతని ఆఖరి ఆట. మేలో చదువు అయిపోతుంది.

నెడ్ బుర్ర పాదరసం. "సరే, హాల్వర్‌ని సెంటర్లో పెట్టు. బర్ట్‌ని పంపించెయ్, వాడి చోట నువ్వు నిలబడు. అయిపోయింది."

అమోస్ బర్ట్ వంక చూశాడు. బర్ట్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నోటితో ఊపిరి పీలుస్తూ, ఏం జరుగుతోందో తెలియక ఇటే చూస్తున్నాడు. మధ్యాహ్నం నుంచి తన పక్క నుంచి ఒక్కణ్ణి కూడా రానివ్వలేదు.

"వద్దు. నా తప్పుకి ఒకణ్ణి తీసేశాను. రెండోవాణ్ణి తియ్యలేను."

"నువ్వేం తప్పు చేశావురా?"

"తర్వాత చెప్తా."

నెడ్ గొంతు తగ్గించాడు. "అయితే కింద పడు. ఇప్పుడే. మోకాలు పట్టుకుని కెవ్వుమను. నేనూ బర్టూ మోసుకెళ్తాం. జనం టోపీలు ఎగరేస్తారు. ఎవడికి తెలుస్తుంది?"

అమోస్ కిందికి చూశాడు. మెత్తటి బురద. పడటం ఎంతసేపు? నిజం చెప్పొద్దూ, ఒక మోకాలు వంగింది కూడా. వంగిన మోకాలిని చూసుకుని సిగ్గుపడ్డాడు. ఇప్పుడు కింద పడితే మిల్‌బరీ సంగతి ఇక ఎప్పటికీ చెప్పలేడు. హాల్వర్ ఆపలేకపోయాడన్న మాట అలాగే నిలిచిపోతుంది. కెప్టెన్ కాలు విరిగితే ఎవరో ఒకడు రావాలి కదా, అందుకని వచ్చాడంటారు. అంతే గానీ వాడు మంచి ఆటగాడు కాబట్టి వచ్చాడని ఎవరూ అనరు.

"నా కాళ్ళకేం కాలేదురా," అన్నాడు. "ఇక నుంచి కెప్టెన్‌వి నువ్వు."

అంపైర్ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ముసలి అంపైర్ కళ్ళజోడు పైకి జరిపి, "బయటికి వెడితే మళ్ళీ రావడం లేదు, తెలుసుగా నాయనా?" అన్నాడు. "తెలుసండీ," అన్నాడు అమోస్. బల్ల వైపు తిరిగి చెయ్యెత్తి హాల్వర్‌ని పిలిచాడు.

హాల్వర్‌కి తననే అని అర్థం కాలేదు. పక్కవాడు దుప్పటి లాగేసి వీపు మీద చరిచాక లేచి పరుగెత్తాడు. గీత దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"దెబ్బ ఎక్కడ తగిలింది కెప్టెన్?"

"ఎక్కడా లేదు. నువ్వు బాగా విసురుతావు, అందుకు. పో."

తర్వాత ఇరవై అడుగులు నడిచాడు. అంత పొడుగు దారి తన జన్మలో నడవలేదు. కుంటుతాడేమోనని అందరూ అతని కాళ్ళే చూశారు. కుంటలేదు. చప్పట్లు లేవు. కంచె మీద కూర్చున్న ఉన్ని కోటు పెద్దమనిషి ఒకడు, పాత విద్యార్థిట, "ఏ కాలయ్యా పోయింది, కెప్టెనూ?" అని అరిచాడు. ఇంకెవడో "పిరికిపంద!" అన్నాడు. అది మావాళ్ళ వైపు నుంచే వచ్చింది.

ప్రెంటిస్ గారు లేచి నిలబడ్డాడు. "ఏమైంది?"

"ఏమీ కాలేదండీ. ముందు అటు చూడండి."

లాథ్రప్ ఒంగుని, ఎదురుగా ఉన్న చేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి బంతి మీద కదలకుండా ఉంది. చూస్తూనే ఉన్నాడు. బంతి వెళ్ళిపోయింది. అతను తల ఎత్తేసరికి హాల్వర్ భుజం పొట్టలో దిగింది. బంతి సరిగ్గా తన్నేవాడి చేతుల్లో వాలింది, కాలు లేచింది, అది కార్వర్ వాళ్ళందరి తలల మీంచి పైకి, ఇంకా పైకి, వెళ్ళి మైదానం సగం అవతల పడింది. బల్ల మీది రెండో జట్టువాళ్ళు కేక వెయ్యకూడదు కాబట్టి ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పిసికేసుకున్నారు. అమోస్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమే అది, అందులో సందేహం లేదు. తన చేతిలోంచి వెళ్ళిన ఏ బంతీ అతనికి అంత సంతోషం ఇవ్వలేదు.

ఆట అయిదు, నాలుగుతో మేమే గెలిచాం. ఆ సంగతి మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది అప్పటికింకా ఆట అయిపోని ఆ నాలుగు నిమిషాల సంగతి.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు ప్రెంటిస్ గారు.

అమోస్ చెప్పాడు. మిల్‌బరీలో తాపులు రెండూ ఆగింది తన చెయ్యి వల్లని, హాల్వర్ తప్పు ఆవగింజంత లేదని, తనకి సోమవారమే తెలిసినా చెప్పలేకపోయానని. బల్ల మీద ఉన్నవాళ్ళంతా మైదానం చూడటం మానేసి విన్నారు.

"నిన్న నా మెట్ల దాకా వచ్చావే! ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసిందండీ."

కోచ్ కాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "అతన్ని తీసెయ్యమని నువ్వన్నావు. తీసేసింది నేను. నేను కూడా చూడాల్సింది," అన్నాడు. ఆ మనిషి నోట అన్ని మాటలు ఒక్కసారి వినడం వాళ్ళకి అదే మొదలు.

వెనక నుంచి ఉన్ని కోటాయన ఊరుకోలేదు. "ఏమయ్యా, అడిగేది నిన్నే! కాలు బాగానే ఉందిగా, ఎందుకొచ్చావు బయటికి?"

అమోస్ లేచి, ఆటకి వీపు పెట్టి, కంచె వైపు తిరిగాడు. నియమం ప్రకారం మైదానంలోకి అరవకూడదు గానీ జనంలోకి అరవచ్చు.

"ఆ లోపలున్నవాడు నాకంటే బాగా ఆడతాడండీ! వాడి పేరు హాల్వర్. మూడు వారాల కిందట నేనే తప్పుగా బయటికి పంపాను. కేకలు వెయ్యాలంటే ఆ పేరు పెట్టి వెయ్యండి!"

 ఉన్ని కోటాయన నోట్లో చుట్ట అలాగే ఉండిపోయింది. ఆయన అమోస్‌ని కింద నుంచి పైదాకా ఒకసారి చూశాడు, తర్వాత మైదానంలో బురదకొట్టుకుపోయిన పదకొండు మందిలో వెతికాడు.

"ఏడీ? ఏ చివర?" అని అడిగాడు.

అమోస్ కంచె దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చూపించాడు.